ఖాళీ గడి సున్నా కాదు

అందరికీ నమస్కారం. ఈ ప్రసంగానికి నిర్వాహకులు "ఇన్వేజివ్ బ్యాక్టీరియా వ్యాధుల విజృంభణ, నిఘా, నియంత్రణ" అని పేరు పెట్టారు. ఇంత పొడుగు పేరు వినగానే ఇదేదో ల్యాబులో తెల్లకోట్లు వేసుకున్నవాళ్ల వ్యవహారం, మనకెందుకులే అనిపిస్తుంది. నేను మాత్రం ఒక గాజు గొట్టం దగ్గర మొదలుపెడతాను.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ఆసుపత్రికి రాత్రిపూట పదిహేడేళ్ల కుర్రాణ్ని తీసుకొచ్చారు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాడట, సాయంత్రం జ్వరం, వాంతులు, రాత్రయ్యేసరికి మెడ వంచలేకపోతున్నాడు, మాట తడబడుతోంది. డ్యూటీలో ఉన్న డాక్టరు చురుకైన మనిషి, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా వెన్నులోంచి నీరు తీసి, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించాడు. ఆ నీరు మంచినీళ్లలా తేటగా ఉండాలి. బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. ఆయన పని ఆయన నూటికి నూరుపాళ్లు చేశాడు. కానీ ఆ వేళకి ల్యాబు మూసేశారు, పొద్దున దాకా శాంపిల్ పాడవకుండా ఉండాలి కదా అని వార్డులో ఎవరో ఆ గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టారు. మంచి ఉద్దేశంతోనే పెట్టారు, ఏ శాంపిల్ అయినా ఫ్రిజ్‌లో పెట్టడమే వాళ్లకి నేర్పిన పద్ధతి.

మెనింజైటిస్, అంటే మెదడు చుట్టూ ఉండే పొరల వాపు, తెచ్చే మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా మనిషి ఒంట్లో ఎంత భీకరంగా ఉంటుందో, బయటకి వస్తే అంత సుకుమారం. చలి తగిలితే చచ్చిపోతుంది. వెన్ను నీటిని గది వేడిలోనే ఉంచి, వీలైతే గంటలోపు ల్యాబుకి చేర్చాలి. మర్నాడు మేం కల్చర్ పెడితే, అంటే క్రిమిని పెంచి చూస్తే, ప్లేటు మీద ఏమీ మొలవలేదు. రిపోర్టులో "క్రిములు పెరగలేదు" అని రాశాం, అది నిజమే. ఆ రిపోర్టు పట్టుకుని పైన ఒకరు "అంటే ఇది మెనింజైటిస్ కేసు కాదన్నమాట, హాస్టల్ పిల్లలకి నివారణ మాత్రలు అక్కర్లేదు" అన్నారు. చచ్చిన క్రిమిని కూడా గుర్తుపట్టే పీసీఆర్ పరీక్ష అప్పట్లో మా దగ్గర లేదు. ఆ కుర్రాడు బతికాడు. తొమ్మిదో రోజున అదే హాస్టల్లో అతని పక్క మంచం కుర్రాడికి జ్వరం వచ్చింది, అతను మాకు దక్కలేదు. ఈసారి శాంపిల్ జాగ్రత్తగా తెచ్చారు, క్రిమి దొరికింది.

మాత్రలు ఇచ్చి ఉంటే ఆ రెండో పిల్లవాడు కచ్చితంగా బతికేవాడని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఇవ్వకపోవడానికి మాత్రం మేం రాసిన ఆ కాగితమే కారణమైంది. దొరకలేదు అన్న మాటని లేదు అని చదివారు. ఇన్నేళ్లుగా ఈ రంగంలో నేను చూసిన తప్పుల్లో సగానికి పైగా ఈ ఒక్క తప్పుకే రకరకాల రూపాలు, అందుకే ఇవాళంతా దీని చుట్టూనే తిరుగుతాను.

ముందు ఇన్వేజివ్ అంటే ఏమిటో చెప్పుకుందాం, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది. మన గొంతులో, ముక్కు వెనక బోలెడన్ని బ్యాక్టీరియాలు కాపురం ఉంటాయి. మెనింగోకాకస్ దాదాపు పదిమందిలో ఒకరి గొంతులో ఉంటుంది, టీనేజీ పిల్లల్లో ఇంకాస్త ఎక్కువ. న్యూమోకాకస్ అయితే చిన్నపిల్లల ముక్కుల్లో మరీ మామూలు. దాదాపు అందరికీ ఏమీ కాదు, వస్తుంది, కొన్నాళ్లు ఉంటుంది, పోతుంది. ఎప్పుడో ఎవరో ఒకరిలో అది గొంతు పొరను దాటి రక్తంలోకి, అక్కణ్నుంచి మెదడు చుట్టూ ఉండే నీటిలోకి చొచ్చుకుపోతుంది. రక్తంలో, వెన్ను నీటిలో, కీళ్ల ద్రవంలో ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండకూడదు. ఉండకూడని చోట కనబడితే దాన్ని ఇన్వేజివ్ వ్యాధి అంటాం. మెనింగోకాకస్, న్యూమోకాకస్, హిబ్ అని పిలిచే హీమోఫిలస్, గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్, తిండి ద్వారా వచ్చే లిస్టీరియా, ఇవన్నీ ఈ జాబితాలోవే. వీటిలో మెనింగోకాకస్ అన్నిటికంటే వేగంగా మనిషిని తీసుకుపోతుంది, అందుకే దాని గురించి ఎక్కువ మాట్లాడతాను.

ఈ నిర్వచనం ఎందుకు ముఖ్యమంటే, కేసు బయటపడగానే చాలామంది చేసే మొదటి పని చుట్టుపక్కల అందరి గొంతుల్లోంచి స్వాబులు తీయడం. అది వద్దు. పదిమందిలో ఒకరికి దొరుకుతుంది, వాళ్లు ఏ తప్పూ చేయకపోయినా ఊరంతా వాళ్లవైపు వేలు చూపిస్తుంది, పైగా ఆ రిపోర్టులు వచ్చేదాకా మాత్రలు ఆపి కూర్చుంటారు. గొంతులో దొరికింది మనకి పెద్దగా ఏమీ చెప్పదు. రక్తంలో దొరికింది చాలా చెబుతుంది.

ఇక ఆరోగ్య అధికారులకి ఫోన్ చేసి కబురు చెప్పే సంగతి. మిగతా చాలా జబ్బుల్లో నిఘా అంటే వారం వారం లెక్కలు. ఇక్కడ ఒక్క కేసే అత్యవసరం. వ్యాధి సోకిన రోజు నుంచి లక్షణాలు కనబడటానికి పట్టే సమయం 2 నుంచి 10 రోజులు, ఎక్కువమందిలో 3, 4 రోజులే. రోగితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకి వచ్చే ముప్పు, మామూలు జనంతో పోలిస్తే కొన్ని వందల రెట్లు ఎక్కువ, ఆ ముప్పులో పెద్ద భాగం మొదటి వారంలోనే ఉంటుంది. అందుకే దగ్గరి కాంటాక్టులకి నివారణ మందు కేసు గుర్తించిన 24 గంటల్లోపు పడాలి అంటాం. సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్క డోసు, లేదా రిఫాంపిసిన్ రెండు రోజులు, లేదా సెఫ్ట్రియాక్సోన్ ఒక్క ఇంజెక్షన్. గర్భిణులకి ఇంజెక్షనే మేలు. రెండు వారాలు దాటాక ఇస్తే పెద్ద ప్రయోజనం ఉండదు. కల్చర్ ఫలితం రావడానికే రెండు మూడు రోజులు పట్టేటప్పుడు, నిర్ధారణ అయ్యాకే ఫోన్ చేస్తాను అనేవాళ్లు ఆ 24 గంటల్ని చేతులారా పారబోసుకుంటున్నారు. డాక్టరుకి అనుమానం వచ్చిందా, ఆ రోజే, ఆ పూటే ఫోన్ చేయాలి. తర్వాత అది కాదని తేలితే జాబితాలోంచి తీసేస్తాం, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. నేనే గనక మీ పైన ఉంటే, పది అనుమానాల్లో తొమ్మిది తప్పని తేలిన డాక్టర్ని పిలిచి శభాష్ అంటాను. ఏడాదంతా ఒక్క అనుమానమూ పంపని డాక్టరు గురించే నాకు టెన్షన్.

ఇప్పుడు కాంటాక్టు అంటే ఎవరు? అందరూ కాదు. జబ్బు మొదలవడానికి ముందు ఏడు రోజుల్లో ఒకే ఇంట్లో, ఒకే గదిలో పడుకున్నవాళ్లు, ముద్దు పెట్టుకున్నంత దగ్గరివాళ్లు, అంటే నోటి తుంపర్లు నేరుగా తగిలినవాళ్లు. రోగికి శ్వాస గొట్టం వేసేటప్పుడు మాస్కు లేకుండా మొహం దగ్గరగా పెట్టిన డాక్టరు, నర్సు కూడా. అదే వార్డులో నాలుగు మంచాల అవతల డ్యూటీ చేసినవాళ్లు కాదు.

ఈ జాబితా తయారుచేయడం పుస్తకంలో ఒక్క పేజీ, ఇంట్లో మాత్రం చాలా కష్టం. ఒకసారి ఐసీయూ బయట ఒక తల్లిని కూర్చోబెట్టి అడుగుతున్నాను. లోపల ఆమె బిడ్డ ఉంది, ఆమె నావైపు చూస్తోంది గానీ నా మాట ఆమె చెవికెక్కడం లేదు. "అమ్మా, పోయిన ఏడు రోజుల్లో పాపతో ఒకే గదిలో ఎవరెవరు పడుకున్నారు?" అంటే "మేమేనండీ, నేనూ, ఆయనా, పెద్దది" అంది. రాసుకున్నాను, పుస్తకం మూసేశాను. అప్పుడు గోడకి ఆనుకుని నిలబడ్డ పెద్దమ్మాయి, ఎనిమిదేళ్లుంటాయేమో, "పెద్దమ్మ కూడా ఉంది కదా అమ్మా, తమ్ముణ్ని తీసుకుని రెండు రోజులు ఉండి వెళ్లింది" అంది. ఆ తమ్ముడికి పది నెలలు. వాళ్లు అప్పటికే బస్సెక్కి వేరే జిల్లాకి వెళ్లిపోయారు. అక్కడి అధికారికి ఫోన్ చేస్తే ఆ సాయంత్రానికే ఆ పసివాడికి మందు పడింది. అప్పటి నుంచి నేను ఎవరు పడుకున్నారు అని ఒక్కసారి అడిగి వదలను, రోజు రోజుకీ అడుగుతాను: నిన్న రాత్రి ఎవరెవరు, మొన్న రాత్రి ఎవరెవరు, ఆదివారం ఎవరొచ్చారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లని కూడా అడుగుతాను. పిల్లలు మర్చిపోరు.

అలా ప్రతి కేసుకీ ఒక వరుస రాసుకుంటాం, దాన్ని లైన్ లిస్టు అంటారు. పేరు, వయసు, ఎక్కడ ఉంటారు, లక్షణాలు మొదలైన తేదీ, శాంపిల్ తీసిన తేదీ, ఏం తేలింది, టీకా వేయించుకున్నారా, చివరికి ఏమైంది. అనుమానిత కేసు, సంభావ్య కేసు, నిర్ధారిత కేసు అని మూడు మెట్లు. వెన్ను నీరు మబ్బుగా ఉంటే సంభావ్య మెట్టు, క్రిమి దొరికితే నిర్ధారిత మెట్టు. నిఘా అంటే ఇంతే, ఈ వరుసలు నిజాయితీగా నిండటమే. ఏ ఆరోగ్య కేంద్రమైనా వారం చివర్లో "ఈ వారం కేసులు సున్నా" అని రాసి పంపాలి, దాన్ని జీరో రిపోర్టింగ్ అంటాం. కొత్తగా చేరినవాళ్లు "ఏమీ లేనిదానికి రిపోర్టు ఎందుకు సార్" అని అడుగుతారు. మంచి ప్రశ్న. సున్నా అని రాశారంటే ఎవరో చూశారు, వెతికారు, లేదని తేల్చారు. గడి ఖాళీగా ఉందంటే ఎవరూ చూడలేదేమో, నర్సు సెలవులో ఉందేమో, నెట్ రాలేదేమో, లేదా పది కేసులొచ్చి రాయడానికి ఎవరికీ తీరిక లేదేమో. పైన కూర్చుని పట్టిక చూసేవాళ్లకి రెండూ ఒకేలా కనబడతాయి, కంప్యూటర్లో కూడితే రెండూ ఒకే మొత్తం ఇస్తాయి. విజృంభణ మొదలైన వారాల్లో చాలాసార్లు ఖాళీ గడులే ఎక్కువ ఉంటాయి, అది నేను స్వయంగా చూశాను.

ఈ లెక్కలతో ఏం చేస్తారో ఒక ఉదాహరణ చెబుతాను. ఆఫ్రికాలో పశ్చిమాన సెనెగల్ నుంచి తూర్పున ఇథియోపియా దాకా ఒక పట్టీలాంటి ప్రాంతం ఉంది, మెనింజైటిస్ బెల్ట్ అంటారు. పొడిగాలి, దుమ్ము ఉండే నెలల్లో అక్కడ ఈ జబ్బు చెలరేగుతుంది, వానలు పడగానే ఆగిపోతుంది. అక్కడికోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలు గీసింది: వారంలో లక్ష జనాభాకి అనుమానిత కేసులు 3కి చేరితే హెచ్చరిక, 10కి చేరితే విజృంభణ. జనాభా 80,000 ఉన్న జిల్లా అనుకోండి, వారంలో మూడు కేసులొస్తే హెచ్చరిక గీత దాటినట్టే, ఎనిమిదొస్తే విజృంభణ. 30,000 లోపు జనం ఉంటే లక్షకి ఎన్ని అన్న లెక్కతో పని లేదు, వారంలో 2 కేసులకే హెచ్చరిక, 5 కేసులకి విజృంభణ. ఇదివరకు ఈ పై గీత 15 దగ్గర ఉండేది, 2014లో 10కి దించారు. ఎందుకు దించారంటే, గీత దాటాక టీకాలు తెప్పించి, మనుషుల్ని పోగేసి, సూది వేసేసరికి వారాలు గడిచిపోయేవి, అప్పటికి విజృంభణ తనంతట తనే తగ్గుముఖం పట్టేది, మనం టీకాలు వేసింది జబ్బు వెళ్లిపోయిన ఊళ్లలో. గీతని ఐదు మెట్లు దించడమంటే చిన్న మార్పు కాదు. ఒక్కో వారం ముందు కదిలితే ఎంతమంది బతుకుతారో లెక్కగట్టి చేసిన పని అది.

ఇవి బెల్ట్ కోసం గీసిన గీతలు, అన్నిచోట్లా పెట్టుకోకూడదు. జబ్బు అరుదుగా వచ్చే దేశాల్లో ఒకే కాలేజీలో, ఒకే హాస్టల్లో మూడు నెలల్లో ఒకే సెరోగ్రూపు, అంటే క్రిమిలో ఒకే రకం, కేసులు రెండు మూడు కనబడితే చాలు, దాన్ని విజృంభణగానే చూస్తారు. ఒకే సెరోగ్రూపు అన్నాను, గమనించండి. మెనింగోకాకస్‌లో ఏ, బీ, సీ, డబ్ల్యూ, వై, ఎక్స్ అని ఆరు రకాలు ప్రధానంగా జబ్బు తెస్తాయి, టీకాలు కూడా ఆ రకాలవారీగానే ఉంటాయి. ఏ రకమో తెలియకపోతే ఏ టీకా వేయాలో తెలియదు. ఆ రోజు ఫ్రిజ్‌లో పెట్టిన గొట్టంలో మేం పోగొట్టుకున్నది ఈ ఒక్క అక్షరం.

ఆ అక్షరం విలువ చెప్పాలంటే 1996 గుర్తుచేయాలి. ఆ ఏడాది మొదలైన మహా విజృంభణలో బెల్ట్ దేశాల్లో 2,50,000 మందికి జబ్బు వచ్చింది, 25,000 మంది చనిపోయారు. ఎక్కువ "ఏ" అనే రకమే. ఆ రోజుల్లో ఉన్న పాత టీకా రెండేళ్లలోపు పిల్లల్లో సరిగ్గా పనిచేయదు, రక్షణ కొన్నేళ్లే ఉంటుంది, గొంతులో ఉన్న క్రిమిని కదిలించలేదు. అందుకే కొత్తగా, ఆ "ఏ" రకానికి మాత్రమే, ధర అర డాలరు లోపు ఉండాలన్న షరతుతో ఒక టీకా తయారుచేయించారు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ చేసింది, పేరు మెన్ఆఫ్రివ్యాక్. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో 1 నుంచి 29 ఏళ్ల మధ్యవాళ్లందరికీ వేశారు. ఆ టీకా గొంతులోంచి కూడా క్రిమిని తరిమేసింది కాబట్టి వేయించుకోనివాళ్లు కూడా గట్టెక్కారు. తర్వాత బెల్ట్ అంతటా ముప్పై కోట్లకి పైగా జనానికి వేశారు. 2017 తర్వాత అక్కడ "ఏ" అనే ఆ రకం కేసు ఒక్కటీ నిర్ధారణ కాలేదు. ఇది మామూలు విజయం కాదు, నాకు ఈ మాట చెప్పినప్పుడల్లా గొంతు పూడుకుపోతుంది.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2015లో నైజర్‌లో సీ రకం వచ్చి 8,000 మందికి పైగా జబ్బుపడ్డారు, 2017లో నైజీరియాలో అదే సీ రకం వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. "ఏ" రకం పోయింది కదా అని ఎవరైనా నిఘా తగ్గించి ఉంటే, వెన్ను నీరు తీయడం మానేసి ఉంటే, సీ రకం అని తెలియడానికి ఇంకెన్ని వారాలు పట్టేదో. ఇప్పుడు ఏ, సీ, డబ్ల్యూ, వై, ఎక్స్ ఐదింటికీ కలిపి ఒక టీకా వచ్చింది, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందింది, 2024లో నైజీరియాలో మొదట వేశారు. ఇందులో బీ లేదు. దానికి వేరే టీకాలున్నాయి.

ఇప్పుడు వేరే రకం క్రిమి దగ్గరికి, అదే ఖండపు ఇంకో కొసకి వెళదాం. దక్షిణాఫ్రికా, 2017. ఆ ఏడాది మధ్యలో నవజాత శిశువుల వార్డుల్లో పనిచేసే డాక్టర్లకి ఒక తేడా కనబడింది, పసికందుల రక్తంలో లిస్టీరియా మామూలు కంటే ఎక్కువగా దొరుకుతోంది. లిస్టీరియా తిండి ద్వారా వస్తుంది, గర్భిణికి కొద్దిపాటి జ్వరంలా వచ్చిపోయి కడుపులో బిడ్డని పట్టుకుంటుంది. మెనింగోకాకస్‌కి ఫ్రిజ్ చలి మృత్యువైతే, దీనికి ఫ్రిజ్‌లో కూడా పెరగడం తెలుసు. అప్పటికి ఆ దేశంలో లిస్టీరియా కేసుని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలన్న నిబంధన లేదు. అంటే ఫారంలో దానికి గడే లేదు. ఆ నిబంధన 2017 డిసెంబరులో వచ్చింది.

రోగుల శాంపిళ్లలో దొరికిన క్రిముల జీనోమ్, అంటే వాటి జన్యువుల పూర్తి రాత, చదివితే పదింటికి తొమ్మిది ఒకే కుటుంబానివి, ఎస్‌టీ6 అనే రకం. అంటే ఎక్కడో ఒకే చోటి నుంచి, ఒకే తిండి నుంచి వస్తోంది. ఏ తిండి? రోగిని అడగాలి. కానీ లిస్టీరియా లోపలికి వెళ్లాక జబ్బు బయటపడటానికి 70 రోజుల దాకా పట్టొచ్చు. రెండు నెలల కిందట ఏం తిన్నారో ఎవరు చెప్పగలరు? నెలలు గడిచాయి, పసిబిడ్డలు పోతూనే ఉన్నారు, అధికారులు ఆధారం లేక కొట్టుమిట్టాడుతున్నారు.

2018 జనవరిలో సొవెటోలో ఒకే పిల్లల సంరక్షణ కేంద్రం నుంచి కొంతమంది చిన్నపిల్లలు జ్వరం, విరేచనాలతో ఒక పెద్దాసుపత్రికి వచ్చారు. విరేచనాలతో పిల్లలు రావడం పిల్లల డాక్టరుకి రోజూ ఉండేదే. ఆ రోజు అక్కడున్న డాక్టరు మాత్రం ఇంతమంది ఒకే చోటి నుంచి ఎందుకొచ్చారని ఆగి, లిస్టీరియా కావొచ్చేమో అని అనుమానించి, మలం పరీక్షకి పంపి, పైకి కబురు చేశారు. ఆరోగ్య సిబ్బంది ఆ కేంద్రానికి వెళ్లి ఫ్రిజ్ తెరిచి అందులో ఉన్న పొలోనీ తీసుకొచ్చారు. పొలోనీ అంటే వండక్కర్లేకుండా ముక్కలు కోసుకుని తినే మాంసపు రోల్. ఒక పిల్లవాడి మలంలో ఎస్‌టీ6, ఆ పొలోనీలో కూడా ఎస్‌టీ6. అక్కడి నుంచి దారం పట్టుకుని లాగితే దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ దాకా వెళ్లింది, ఫ్యాక్టరీలో కూడా అదే క్రిమి. 2018 మార్చి 4న ప్రభుత్వం ప్రకటించి ఆ సరుకుని వెనక్కి రప్పించింది, ఆ తర్వాత వారాల్లోనే కేసులు పడిపోయాయి. మొత్తం 1,060 కేసులు, 216 మరణాలు. జబ్బుపడ్డవాళ్లలో పదిమందికి నలుగురు నెల నిండని బిడ్డలు.

జీనోమ్ సీక్వెన్సింగ్ వల్లే ఇది పట్టుబడిందని చాలామంది చెబుతారు. నిజమే, కానీ ఆ మాటలో ఆ డాక్టరు కనబడకుండా పోతున్నారు. యంత్రం రెండు క్రిములు ఒకటేనని చెప్పగలదు, ఆ రెండూ యంత్రం దాకా రావాలంటే ఎవరో ఒకరు మామూలు విరేచనాల కేసు చూసి ఒక్క నిమిషం ఆగాలి. నిఘాకి డబ్బు కేటాయించేటప్పుడు యంత్రానికి ఇచ్చినంత సులువుగా ఆ నిమిషానికి ఇవ్వరు. డాక్టరుకి గంటకి అరవై మంది రోగులుంటే ఆ నిమిషం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొక్క సంగతి చెప్పి ప్రశ్నల్లోకి వెళ్దాం. 2020లో కోవిడ్ ఆంక్షలు పెట్టగానే చాలా దేశాల్లో ఈ ఇన్వేజివ్ వ్యాధుల లెక్కలు ఒక్కసారిగా పడిపోయాయి. వెంటనే వచ్చే అనుమానం ఏమిటి? జనం ఆసుపత్రులకి రావడం లేదు, ల్యాబులన్నీ కోవిడ్ పరీక్షల్లో మునిగిపోయాయి, అందుకే లెక్క తగ్గిందా? లేక జబ్బే తగ్గిందా? అది సున్నానా, ఖాళీనా? 26 దేశాలు, ప్రాంతాల ల్యాబులు కలిసి దీన్ని తేల్చిన పద్ధతి నాకెంతో నచ్చింది. న్యూమోకాకస్, హీమోఫిలస్, మెనింగోకాకస్ మూడూ తుంపర్ల ద్వారా పాకుతాయి. వాటి పక్కన నాలుగోదాన్ని పెట్టి చూశారు, గ్రూప్ బీ స్ట్రెప్టోకాకస్. అది కూడా రక్తంలో దొరికే క్రిమే, అదే ల్యాబు, అదే కల్చర్ సీసా, కానీ ఎక్కువగా పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డకి వస్తుంది, మాస్కులతో, స్కూళ్ల మూతతో దానికి సంబంధం లేదు. ల్యాబులు పనిచేయకపోవడమే కారణమైతే ఈ నాలుగోదీ పడిపోవాలి. పడిపోలేదు. అంటే ల్యాబులు పనిచేస్తూనే ఉన్నాయి, మొదటి మూడు నిజంగానే తగ్గాయి. ఆంక్షలు ఎత్తేశాక అవి మళ్లీ వచ్చాయి, 2022 చివర్లో యూరప్‌లో పలు దేశాల్లో పిల్లల్లో గ్రూప్ ఏ స్ట్రెప్ ఇన్వేజివ్ కేసులు బాగా పెరిగాయి.

సరే, అడగండి.

(సభలోంచి: ఒక స్కూల్లో ఒక కేసు వస్తే స్కూలు మొత్తానికి మాత్రలు ఇచ్చి, కొన్నాళ్లు మూసేస్తే మంచిది కాదా?)

తల్లిదండ్రులు అలా అడగటం నాకు అర్థమవుతుంది, వాళ్ల స్థానంలో నేనున్నా అడుగుతానేమో. కానీ వద్దండీ. ఒక్క కేసుకి తరగతి మొత్తానికి మాత్రలు ఇవ్వనక్కర్లేదు, పైన చెప్పిన దగ్గరివాళ్లకి చాలు. అందరికీ మింగిస్తే గొంతులో ఉన్న మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది, మందుకి లొంగని రకాలు పెరుగుతాయి, సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగని మెనింగోకాకస్ ఇప్పటికే కొన్ని దేశాల్లో కనబడుతోంది. పైగా ఐదువందల మందికి పంచే హడావిడిలో అసలు ముప్పున్న పదిమందిలో ఒకరు తప్పిపోతారు. మూసేస్తే పిల్లలు ఎక్కడెక్కడికో చెదిరిపోతారు, తర్వాత ఎవరికైనా జ్వరమొస్తే మనకి తెలియదు. స్కూలు తెరిచి ఉంచి, ఒక్క కాగితం మీద లక్షణాలు రాసి ప్రతి ఇంటికీ పంపండి. రెండో కేసు వస్తే అప్పుడు లెక్క మారుతుంది, సెరోగ్రూపు చూసి టీకా గురించి ఆలోచిస్తారు.

(సభలోంచి, ఒక తల్లి: ఆ కాగితం మీద ఏం రాయాలి సార్? ప్రతి జ్వరానికీ భయపడలేం కదా.)

భయపడక్కర్లేదమ్మా, కొన్నిటి మీద కన్నేసి ఉంచండి. మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, మచ్చలు, ఇవి అందరికీ తెలిసినవే కానీ ఆలస్యంగా వస్తాయి. 2006లో బ్రిటన్‌లో ఈ జబ్బు వచ్చిన పిల్లల మీద చేసిన ఒక అధ్యయనంలో తేలిందేమిటంటే, కాళ్ల నొప్పులు, జ్వరం ఉన్నా చేతులూ పాదాలూ చల్లగా ఉండటం, చర్మం రంగు తేడాగా పాలిపోవడం, ఇవి సగటున 8 గంటలకే కనబడ్డాయి, పిల్లలు ఆసుపత్రిలో చేరింది మాత్రం 19 గంటలకి. ఆ మధ్యనున్న పదకొండు గంటలు మీ చేతిలో ఉన్నాయి. మచ్చలు కనబడితే గాజు గ్లాసుతో నొక్కి చూడండి, నొక్కినా మాయం కాకపోతే ఇంక ఆగొద్దు. చామనఛాయ, నల్లని ఒంటి మీద మచ్చలు సులువుగా కనబడవు, అరచేతులు, అరికాళ్లు, కనురెప్ప లోపలి భాగం, అంగిలి చూడండి. మచ్చలు లేవు కదా అని మాత్రం ధీమాగా ఉండొద్దు. మీ బిడ్డ సంగతి మీకు తెలిసినంత మాకు తెలియదు, వీడు మామూలుగా లేడు అని మీకనిపిస్తే ఆ మాటే డాక్టరుకి చెప్పండి. ఒకసారి చూపించి ఇంటికి పంపేశాక బిడ్డ ఇంకా నీరసిస్తుంటే మళ్లీ తీసుకెళ్లండి, అదే రాత్రి అయినా సరే.

(సభలోంచి: మా అబ్బాయికి పోయిన నెలలో మెనింజైటిస్ వచ్చి తగ్గింది. డిశ్చార్జ్ చేశారు. ఇంకేమైనా చూసుకోవాలా?)

బాబు కోలుకున్నాడంటే చాలా సంతోషం. చెవి పరీక్ష చేయించారా? లేదా? అయితే ఈ వారమే చేయించండి, వచ్చే నెల అనుకోవద్దు. బ్యాక్టీరియా మెనింజైటిస్ నుంచి బతికినవాళ్లలో ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక లోపం మిగులుతుంది, అందులో వినికిడి పోవడం ముఖ్యమైనది. జబ్బు తగ్గాక లోపలి చెవి కొందరిలో గట్టిపడి ఎముకలా మారిపోతుంది, అలా మారకముందే చూస్తే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినబడటానికి లోపలి చెవిలో పెట్టే పరికరం, అమర్చడానికి వీలుంటుంది, ఆలస్యమైతే ఆ దారి మూసుకుపోవచ్చు. అందుకే నాలుగు వారాల్లోపు వినికిడి పరీక్ష చేయించాలని అంటాం. చిన్నపిల్లలైతే వినబడటం లేదని వాళ్లు చెప్పలేరు, మాట వినడం లేదని, మొండికేస్తున్నాడని మనం అనుకుంటాం.

ఇది మీ తప్పు కాదండీ, మాది. నేను ఇందాక లైన్ లిస్టులో చివరి గడి "చివరికి ఏమైంది" అన్నాను. చాలా ఏళ్లు మా ఫారంలో ఆ గడికి రెండే సమాధానాలు ఉండేవి, కోలుకున్నారు, మరణించారు. చెవి గురించి ఎవరూ అడగలేదు, ఎవరూ రాయలేదు, మా లెక్కల్లో చెవుడు వచ్చిన పిల్లలు ఒక్కరూ లేరు. ఇప్పుడు నేను పనిచేసే చోట ఆ ఫారంలో ఇంకో గడి పెట్టించాం: వినికిడి పరీక్ష తేదీ. కార్యక్రమం అయ్యాక బాబుని తీసుకుని నా దగ్గరికి రండి, ఎక్కడ చేయిస్తారో రాసిస్తాను.